ఎండతో నడిచే పొగగొట్టం

(హనుమకొండలో ఫిబ్రవరి నెల ఒక ఆదివారం మధ్యాహ్నం, మెకానికల్ ఇంజనీరింగ్ అధ్యాపకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దమనిషి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో పెద్దలు కూర్చున్నారు, వెనక గోడకు ఆనుకుని పాలిటెక్నిక్ పిల్లలు నిలబడి ఉన్నారు. కుర్చీలు చాలలేదని నిర్వాహకులు నొచ్చుకుంటున్నారు గానీ, ఎండలో మధ్యాహ్నం మూడింటికి గాలి గురించి వినడానికి ఇంతమంది రావడం నాకు సంతోషంగానే ఉంది.

ఇందాక గేటు దగ్గర ఒక మిత్రుడు నన్ను ఆపి, "సార్, పొగ తగ్గించడానికి మళ్ళీ పొగగొట్టమే కట్టమంటారా?" అని అడిగాడు. ఆయన వేళాకోళంగానే అడిగాడు, కానీ ప్రశ్న సరైనది. మన ఉత్తర తెలంగాణలో పొగగొట్టం అనగానే కళ్ళ ముందు ఏది నిలుస్తుంది? రామగుండం నిలుస్తుంది. అక్కడి ఎన్టీపీసీ పాత కేంద్రం ఒక్కటే 2600 మెగావాట్లు. పక్కనే 800 మెగావాట్ల కొత్త యూనిట్లు రెండు వచ్చాయి. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం 1100 మెగావాట్లు, మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి కేంద్రం 1200 మెగావాట్లు. ఈ గొట్టాలు అంత ఎత్తుగా ఎందుకు ఉంటాయని ఎప్పుడైనా ఆలోచించారా? 500 మెగావాట్లు, ఆ పైబడిన యూనిట్లకు గొట్టం 275 మీటర్లు ఉండాలని మన దేశంలో నిబంధన పెట్టారు. ఆ ఎత్తు పొగను తగ్గించడానికి కాదు, ఒకేచోట మన నెత్తిన పడకుండా దూరదూరాలకు పంచడానికి. పొగ అంతే ఉంటుంది, పడే చోటే మారుతుంది.

నేను ఈరోజు చెప్పబోయే గొట్టం అది కాదు. ఇందులో నిప్పు ఉండదు, బొగ్గు ఉండదు, బూడిద ఉండదు, పొగ అసలే ఉండదు. ఉండేది ఎండ, నేల, గాలి. దీన్ని సోలార్ చిమ్నీ అంటారు, కొందరు సౌర స్తంభం అంటారు. దీని గురించి పత్రికల్లో రెండు రకాల రాతలు కనిపిస్తాయి. ఇదే లోకాన్ని ఉద్ధరిస్తుందని ఒక రకం, ఇది వట్టి గాలిమేడ అని ఇంకో రకం. నేను పాతికేళ్ళకు పైగా దీని లెక్కలు వేస్తూ వచ్చాను, చిన్నవి రెండు నా చేతులతో కట్టాను. నాకు ఆ రెండు రాతలూ సరైనవని అనిపించలేదు.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. పెళ్ళి పందిరి ఊహించుకోండి. తాటాకులకు బదులు గాజు పలకలో, ప్లాస్టిక్ పొరో కప్పిన గుండ్రటి పందిరి. ఎత్తు మనిషి తల తగిలేంత, అంచుల చుట్టూ గోడ లేదు, ఎటు నుంచైనా గాలి లోపలికి రావచ్చు. పందిరి నడిమధ్యలో ఆకాశంలోకి లేచిన గొట్టం. ఎండ గాజులోంచి దిగి నేలను కాలుస్తుంది, నేల గాలిని కాలుస్తుంది, కాలిన గాలి తేలికై గొట్టంలోకి ఎగబాకుతుంది, ఆ ఖాళీలోకి అంచుల నుంచి కొత్త గాలి వచ్చి చేరుతుంది. గొట్టం మొదట్లో టర్బైన్, అంటే తిరిగితే కరెంటు పుట్టించే రెక్కల చక్రం పెడితే, పోయే గాలి దాన్ని తిప్పుతూ పోతుంది. ఇంతకు మించి ఇందులో రహస్యం ఏమీ లేదు. వర్షాలకు ముందు మే నెలలో దున్నిన చేల మీద సుడిగాలి లేచి చెత్తనంతా పైకి ఎత్తుకుపోవడం మీరు చూశారు కదా? దానికి ఒక గొట్టం తొడిగామనుకోండి, అదే ఇది.

పిల్లలు కాగితం తీయండి, చిన్న లెక్క వేద్దాం. బయట 35 డిగ్రీలు ఉందనుకుందాం, పందిరి కింద 55. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీలు వేడెక్కితే ఎంత తేలికవుతుంది? సుమారు 70 గ్రాములు, అంటే ఒక కోడిగుడ్డు కన్నా కాస్త ఎక్కువ. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ గాలిని 195 మీటర్ల ఎత్తు గొట్టంలో నింపి చూడండి. ప్రతి చదరపు మీటరు మీద 14 కిలోల తేడా వస్తుంది. టర్బైన్ లాంటి అడ్డు ఏదీ లేకపోతే ఆ తేడా గాలిని సెకనుకు 15 మీటర్ల వేగంతో తోస్తుంది. గంటకు 55 కిలోమీటర్లు, అంటే మన హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ బస్సు జనగామ దాటాక పోయేంత వేగం. నేను 195 మీటర్లు అనే అంకెనే ఎందుకు తీసుకున్నానో మీకు ఈపాటికి అనుమానం వచ్చి ఉంటుంది. అంత ఎత్తు గొట్టాన్ని నిజంగానే కట్టారు. ఖాళీగా వదిలినప్పుడు అందులో గాలి నిజంగానే సెకనుకు 15 మీటర్ల వేగంతో పోయింది.

అది స్పెయిన్‌లో, మాడ్రిడ్‌కు దక్షిణాన 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న మంజనారెస్ అనే ఊరి దగ్గర. ఆలోచన పాతదే. 1903లోనే ఇసిదోరో కబాన్యెస్ అనే స్పెయిన్ సైనికాధికారి ఇలాంటి సౌర యంత్రాన్ని ప్రతిపాదించాడు. కట్టి చూపించింది మాత్రం యోర్గ్ ష్లైఖ్ అనే జర్మన్ ఇంజనీరు, జర్మన్ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో, 1982 నాటికి. గొట్టం వెడల్పు 10 మీటర్లు. పందిరి వ్యాసం 244 మీటర్లు. పందిరి నేల నుంచి రెండు మీటర్లకు లోపే. గొట్టాన్ని సిమెంటుతో కట్టలేదు, మిల్లీమీటరుంపావు మందం ఉన్న ముడతల ఇనుప రేకుతో చుట్టి, మూడు దిక్కులా ఇనుప కడ్డీలతో లాగి కట్టారు. నాలుగు రెక్కల టర్బైన్ ఒక్కటే. ఎండ బాగా కాసినప్పుడు 50 కిలోవాట్లు ఇచ్చేది. 1986 నుంచి 1989 మొదటి వరకు 32 నెలలు దాదాపు మనిషి చేయి పడకుండానే, పొద్దున గాలి లేవగానే తనంతట తాను మొదలై, సాయంత్రం తనంతట తాను ఆగుతూ నడిచింది.

తరువాత ఏమైంది? పడిపోయింది. 1989లో తుపాను గాలికి పడిపోయింది. ఆ ఇనుప కడ్డీలకు తుప్పు నుంచి సరైన రక్షణ లేదు. కొన్నాళ్ళు పరీక్షించి విప్పేద్దామన్న ఉద్దేశంతో కట్టినది కాబట్టి అంత ఖర్చు పెట్టలేదు. ఎవరైనా మీతో "అది కూలిపోయింది కదా" అంటే, కూలింది తుప్పు వల్లే గానీ సూత్రం వల్ల కాదని చెప్పండి. ఈ విషయంలో నేను దాని పక్షమే.

కానీ ఇప్పుడు రెండో మాట చెప్పాలి. ఇదే అసలు మాట.

ఆ పందిరి విస్తీర్ణం 46 వేల చదరపు మీటర్లు. మన లెక్కలో పదకొండున్నర ఎకరాలకు కాస్త తక్కువ. మిట్టమధ్యాహ్నం ఒక్కో చదరపు మీటరు మీద ఒక కిలోవాటు ఎండ పడుతుందనుకుంటే మొత్తం 46 వేల కిలోవాట్లు. అందులోంచి కరెంటుగా వచ్చింది 50. వెయ్యి రూపాయలు పెట్టి రూపాయి తెచ్చుకున్నట్టు. ఈరోజు 50 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టాలంటే ఎంత జాగా కావాలి? మేడ మీద ఐదు వందల చదరపు మీటర్లు, అంటే ఐదు గుంటలు. పదకొండు ఎకరాలు ఎక్కడ, ఐదు గుంటలు ఎక్కడ?

ఆ సంవత్సరాల్లో 1987లో అది ఇచ్చిన మొత్తం 44 వేల యూనిట్లు. మన థర్మల్ కేంద్రాల్లో యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. కాబట్టి పదకొండు ఎకరాల పందిరి ఏడాది పొడవునా కష్టపడి ఆపిన బొగ్గు ముప్పై టన్నులు. మందమర్రి నుంచో గోదావరిఖని నుంచో వచ్చినవాళ్ళు ఇక్కడ ఉంటే చెప్పండి, ఓపెన్‌కాస్టులో అది ఎన్ని డంపర్ల లోడు? ఒక్కటే కదా. ఒక్క డంపర్.

ఇది ష్లైఖ్ చేతగానితనం కాదు. ఇక్కడ అడ్డం వచ్చేది ప్రకృతి ధర్మం. గొట్టం ఎత్తు ప్రతి 100 మీటర్లకు, వేడిలోంచి గాలి కదలికగా మార్చుకోగలిగే గరిష్ఠ భాగం నూటికి 0.33 మాత్రమే. టర్బైన్ ఎంత గొప్పదైనా, గాజు ఎంత ఖరీదైనదైనా ఆ గీత దాటలేవు. 195 మీటర్లకు 0.65 శాతం. వెయ్యి మీటర్లకు మూడుంపావు శాతం. ఈ గీతకు లోబడిన తరువాత గాజు దగ్గర కొంత, టర్బైన్ దగ్గర కొంత మళ్ళీ పోతుంది. గొట్టం కొసన బయటపడే గాలి ఇంకా వేడిగానే ఉంటుంది, ఆ వేడంతా ఆకాశం పాలు.

ఈ గీత నాకు మొదట పుస్తకంలో అర్థం కాలేదు, కాలేజీ మైదానంలో అర్థమైంది. తొంభైల చివర్లో నా విద్యార్థులు నలుగురితో కలిసి ఒక నమూనా కట్టాను. అడుగు వెడల్పు రేకు గొట్టం, ఎనిమిది మీటర్ల ఎత్తు, కింద ఇరవై అడుగుల పాలిథిన్ పందిరి, నేల మీద బొగ్గుపొడి కలిపిన మట్టి. టర్బైన్ కోసం పాత కంప్యూటర్ ఫ్యాను రెక్కలు, టేప్ రికార్డర్ మోటారు. ఏప్రిల్ నెల, ఒంటిగంట ఎండ. పందిరి కింద చేయి పెడితే చుర్రుమంటోంది. ఫ్యాను తిరిగింది, పిల్లలు కేకలు వేశారు. తీగల చివర ఉన్న చిన్న ఎర్ర ఎల్ఈడీ వెలిగింది, అదీ చేతులు అడ్డం పెట్టి నీడ చేసి చూస్తే కనిపించేంత. అర వాటు కూడా రాలేదు. చూడటానికి వచ్చిన ఒక సహోద్యోగి, "ఇంతకు మీ నలుగురూ కలిసి ఊదినా అది తిరిగేది కదయ్యా" అన్నాడు. పిల్లల మొహాలు వాడిపోయాయి. ఆ సాయంత్రం గదిలో కూర్చుని లెక్క వేస్తే వచ్చిన జవాబు ఏమిటో తెలుసా? అర వాటు లోపే. లెక్క ప్రకారం ఎంత రావాలో అంతే వచ్చింది. మా నమూనా విఫలం కాలేదు, మా ఆశే ఎక్కువైంది.

అందుకే ఈ మార్గంలో వెళ్ళినవారంతా ఎత్తు పెంచుకుంటూ పోయారు, కాగితం మీద. ఆస్ట్రేలియాలో ఎన్విరోమిషన్ అనే సంస్థ 200 మెగావాట్ల కోసం వెయ్యి మీటర్ల గొట్టం ప్రతిపాదించింది. అది కట్టలేదు. చైనాలో ఇన్నర్ మంగోలియాలోని ఊహాయ్ దగ్గర 2010లో 200 కిలోవాట్లది ఒకటి కట్టారు. ష్లైఖ్ బృందం వేసిన లెక్కలో 200 మెగావాట్ల స్తంభానికి పందిరి వ్యాసం 7 కిలోమీటర్లు, ఏటా 68 కోట్ల యూనిట్లు. దుబాయిలోని బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. దానికన్నా ఎత్తైన బోలు గొట్టం, దాని చుట్టూ తొమ్మిదిన్నర వేల ఎకరాల గాజు. అదే 68 కోట్ల యూనిట్లను మామూలు సోలార్ పలకలతో తేవాలంటే, మెగావాటుకు ఐదు ఎకరాలు, ఏటా పదహారు లక్షల యూనిట్లు అన్న లెక్కన, రెండు వేల ఎకరాల చిల్లర చాలు. మనకు దగ్గర్లోనే నిదర్శనం ఉంది. రామగుండం ఎన్టీపీసీ జలాశయం నీళ్ళ మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే సోలార్ కేంద్రం పరుచుకున్నది 500 ఎకరాల్లో. అదీ ఎవరి పొలమూ కాదు, నీళ్ళ మీద.

మన వైపు ఇంకో చిక్కు ఉంది, ఎడారి దేశాల వాళ్ళు దాన్ని ఆలోచించనక్కర్లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మనకు గాలిదుమారం వస్తుంది, దాని వెనకే రాళ్ళవాన వస్తుంది. మామిడి తోటలున్నవాళ్ళను అడగండి. వేల ఎకరాల గాజు పందిరి మీద ఆ రాళ్ళు పడితే ఏమవుతుంది? కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీలు, మన చుట్టూ కంకర మిల్లులు లేపే దుమ్ము ఆ గాజు మీద పేరుకుంటే ఎవరు తుడుస్తారు?

అయితే దీనికి ఉన్న మంచిని కూడా చెప్పకపోతే తప్పవుతుంది. దీనికి నీళ్ళు అక్కర్లేదు. థర్మల్ కేంద్రం గోదావరిని తాగుతుంది, ఇది చుక్క అడగదు. కట్టడానికి గాజు, సిమెంటు, ఇనుము చాలు, ఏ దేశమైనా తానే కట్టుకోవచ్చునని ష్లైఖ్ చెప్పిన మాటలో బలం ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, సూర్యుడు దిగిపోయాక కూడా ఇది కొంతసేపు నడుస్తుంది. వేసవిలో వరంగల్ కోట గోడ మీద రాత్రి ఎనిమిదింటికి కూర్చున్నవారికి ఇది వేరే చెప్పాలా? బండ ఇంకా కాలుతూనే ఉంటుంది. పందిరి కింద నేల కూడా అంతే, పగటి వేడిని దాచుకుని రాత్రి మెల్లగా విడుస్తుంది. నల్లటి గొట్టాల్లో నీళ్ళు నింపి పందిరి కింద పరిస్తే ఇంకా ఎక్కువ దాచుకుంటుంది. సోలార్ పలకకు ఆ గుణం లేదు, దానికి బ్యాటరీ కావాలి. బ్యాటరీలు బాగా ఖరీదుగా ఉన్న రోజుల్లో ఇది పెద్ద మాటే. ఇప్పుడు వాటి ధర దిగివచ్చింది కాబట్టి ఆ బలం కూడా కొంత తగ్గింది.

ఇక గాలి శుభ్రం చేయడం సంగతి. ఈ మధ్య ఎక్కువగా వినిపించేది ఇదే. చైనాలోని షియాన్ నగరంలో 60 మీటర్ల గొట్టం, కింద గాజు పందిరి, పందిరికీ గొట్టానికీ మధ్య వడపోత తెరలు. మురికి గాలి పందిరిలోకి వస్తుంది, వేడెక్కుతుంది, తెరల్లోంచి పోతూ మురికిని అక్కడ వదిలి, శుభ్రంగా పైకి పోతుంది. రోజుకు కోటి ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేస్తుందని, చుట్టూ పది చదరపు కిలోమీటర్లలో సన్నటి ధూళి 15 శాతం తగ్గిందని కట్టినవారు చెప్పారు. కోటి అంటే మనకు పెద్ద అంకె. పెద్ద అంకె వినగానే పక్కన ఇంకో అంకె పెట్టి చూడమని నేను పిల్లలకు ఎప్పుడూ చెబుతాను.

పది చదరపు కిలోమీటర్లు అంటే హనుమకొండ చౌరస్తా నుంచి ఎటు చూసినా కిలోమీటరున్నర, కిలోమీటరుముప్పావు. చలికాలంలో మురికి గాలి కింది 200 మీటర్లలోనే ఉంటుందనుకుందాం. అంటే ఎన్ని ఘనపు మీటర్లు? రెండు వందల కోట్లు. అందులో రోజుకు కోటి, అర శాతం. పైగా ఆ గాలి మన కోసం ఆగి ఉండదు. సెకనుకు ఒక మీటరు చొప్పున, అంటే ఆకు కదిలీ కదలనంత గాలి వీచినా, గంటలోపు ఆ మూడు కిలోమీటర్ల గాలి మొత్తం మారిపోతుంది. మీరు ఇక్కడ కడుగుతూ ఉంటారు, కాజీపేట వైపు నుంచి కొత్త మురికి వస్తూనే ఉంటుంది. తలుపులన్నీ తీసి ఎయిర్ కూలర్ పెట్టి వీధిని చల్లబరుస్తామన్నట్టు. ఢిల్లీలో 2021 ఆగస్టులో కన్నాట్ ప్లేస్‌లో 24 మీటర్ల శుద్ధి స్తంభం పెట్టారు. నలభై ఫ్యాన్లు, ఇరవై కోట్ల రూపాయలకు పైగా ఖర్చు. అది ఎండతో కాదు, కరెంటుతో నడిచేది. దాని తరువాత కూడా ఢిల్లీ నవంబరు ఎలా ఉంటుందో మీరు టీవీలో చూస్తూనే ఉన్నారు.

ఇంకో విషయం చాలామంది గమనించరు. డిసెంబరు పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడిచేవాళ్ళు ఇక్కడ ఎవరెవరు ఉన్నారు? చేతులెత్తండి. బాగుంది. ఆరున్నరకు మీకు కనిపించేది ఏమిటి? ఎక్కడో చెత్త కాల్చిన పొగ పైకి పోకుండా, ఇళ్ళ కప్పుల ఎత్తున గీత గీసినట్టు అడ్డంగా పరుచుకుని ఉంటుంది. రాత్రి నేల చల్లబడి, నేలకు ఆనిన గాలి చల్లగా, దాని పైన గాలి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చటి పొర మూతలా పనిచేస్తుంది. మనం పీల్చే గాలి ఏడాది మొత్తంలో అప్పుడే అతి మురికిగా ఉంటుంది. మరి ఎండతో నడిచే మన గొట్టం అప్పుడు ఏం చేస్తూ ఉంటుంది? నిద్రపోతూ ఉంటుంది. గాలి బాగా మురికైన వేళకూ ఎండ బాగా కాసే వేళకూ కుదరదు. మే నెల మధ్యాహ్నం ఇది జోరుగా నడుస్తుంది, కానీ అప్పుడు ఆకాశమే పెద్ద చిమ్నీ అయి మురికిని పైకి లాగేస్తూ ఉంటుంది.

సన్నటి ధూళికి మన దేశంలో ఏడాది సగటు హద్దు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5. ఈ తేడాను స్తంభాలు పూడ్చలేవు. గాలిలో కలిసిన ధూళిని తిరిగి ఏరడం, కల్లంలో చల్లిన ఆవాలను ఒక్కొక్కటీ ఏరినట్టు. సంచి మూతి కట్టడమే తేలిక. థర్మల్ కేంద్రాల గంధక వాయువుకు 2015 డిసెంబరులో నిబంధనలు వచ్చాయి, గడువులు మళ్ళీ మళ్ళీ పొడిగించుకుంటూ వచ్చారు. ఆ మూతి దగ్గర చేయాల్సిన పని వదిలేసి, చౌరస్తాలో స్తంభం కట్టి రిబ్బను కత్తిరిస్తే ఎవరికి లాభం?

ఇంత చెప్పాక మీరు అడగాలి, అడగకపోయినా నేనే అడుగుతాను. మరి ఈ గొట్టం దేనికీ పనికిరాదా? పనికొస్తుంది. ఎక్కడంటే, వేడిని కరెంటుగా మార్చే పని పెట్టుకోకుండా వేడిని వేడిగానే, గాలిని గాలిగానే వాడుకునే చోట. వంద మీటర్లకు నూటికి 0.33 మాత్రమే మిగిల్చే ఆ సుంకం కట్టాల్సింది కరెంటు చేసేటప్పుడే. తడి ఆరబెట్టడానికి ఆ సుంకం లేదు. ఎండలో సగం పనికి వచ్చినా సగం లాభమే.

నర్సంపేట వైపు మా మేనబావకు మిర్చి చేను ఉంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోయేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, కల్లంలో పది పన్నెండు రోజులు ఆరబోయాలి, రోజూ తిప్పాలి, సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పాలి, పొద్దున మళ్ళీ పరచాలి. నడుమ ఒక్క అకాల వాన పడితే రంగు పోయి తాలుకాయ అవుతుంది, ధర సగానికి పడుతుంది. నాలుగేళ్ళ కింద అలాంటి వాన ఒకటి పడ్డాక, ఆయన నన్ను పట్టుకుని, "బావా, ఇన్నేళ్ళు గాలి పాఠాలు చెప్పినవు కదా, నా కాయ ఎండే ఉపాయం ఒకటి చెప్పు" అన్నాడు.

పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పుతో చెక్క పెట్టె చేశాం. లోపల నల్ల రంగు, పైన పాలిథిన్ పొర, మధ్యలో నైలాన్ జాలీ తట్టలు మూడు వరుసలు. గాలి పోవడానికి ఇంట్లో మిగిలిన నాలుగు అంగుళాల తెల్ల పీవీసీ పైపు, నాలుగు అడుగులది, నిలబెట్టాను. అక్కడే తప్పు చేశాను. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే పాలిథిన్ లోపలి వైపు అంతా చెమట పట్టి ఉంది. చుక్కలు చుక్కలుగా కాయ మీదే కారుతోంది. పై తట్టలో పండుమిర్చి మెత్తబడి, తొడిమ దగ్గర తెల్లటి బూజు. వేడి ఉంది, తేమ లేచింది, కానీ లేచిన తేమ బయటికి పోయే దారి లేదు. ముప్పై ఏళ్ళు చిమ్నీ పాఠం చెప్పిన మనిషి సన్నటి పొట్టి పైపు పెట్టాడు. మా బావ ఏమీ అనలేదు, ఆ బూజు పట్టిన కాయలు ఏరి నా ముందు పెట్టి చాయ్ తేవడానికి లోపలికి వెళ్ళాడు.

రెండోసారి రేకుతో పది అంగుళాల గొట్టం చేయించాం, పద్నాలుగు అడుగుల ఎత్తు, బయట నల్ల రంగు, కొసన వాన పడకుండా టోపీ. నల్ల రంగు ఎందుకు? గొట్టం కూడా ఎండలో కాగితే లోపలి గాలి పైకి పోతూ చల్లబడకుండా ఉంటుంది. పెట్టె కింది మూతి దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాం. పొగ ఒక్క క్షణం నిలువుగా లేచి, వంగి, దారం లాగినట్టు లోపలికి పోయింది. రెండు నిమిషాల్లో మా బావ మనుమడు నిచ్చెన మీద నుంచి, "తాతా, పైన ఊదు వాసన వస్తున్నది" అని అరిచాడు. ఆ అరుపుతో నాకు తెలిసిపోయింది పని అయిందని. నలభై కిలోల పండుమిర్చి పెడితే ఆరు రోజుల్లో పదకొండు కిలోల ఎండుమిర్చి దిగింది, రంగు నిలిచింది. కింది తట్ట ముందు ఎండుతుంది, పై తట్ట వెనకపడుతుంది, కాబట్టి రోజు విడిచి రోజు తట్టలు మార్చాలి. అంత మాత్రం చాకిరీ తప్పదు.

అతిగా చెప్పను. ఎకరానికి ఇరవై క్వింటాళ్ళు పండే రైతుకు పదకొండు కిలోల పెట్టె బొమ్మే. చేనంతటికీ కావాలంటే షెడ్డు అంత పందిరి, నాలుగైదు గొట్టాలు కావాలి, నలుగురు రైతులు కలిస్తేనే కుదురుతుంది. ఇప్పటికిప్పుడు లాభం కనిపించేది కారంపొడి, పసుపు, మామిడి ఒరుగులు, వడియాలు చేసి అమ్మే మహిళా సంఘాలకు. దుమ్ము పడని, ఈగ వాలని సరుకు అని ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఎండ చాలని రోజుల్లో ఊకతోనో కట్టెలతోనో ఆరబెట్టే యంత్రాలు ఎలాగూ ఉన్నాయి, కానీ ఎండ ఉన్న రోజు వాటిని ఆపితే ఆ మేరకు పొగ తగ్గుతుంది. మా వీధిలో మేడ మీద తెల్ల పంచె ఆరేస్తే దాని మీద పడే నల్లటి ఊక నుసి ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. ధాన్యం ఆరబెట్టే పనిలో కొంతైనా ఎండకు అప్పగించవచ్చా అన్నది మా పాత విద్యార్థులు ఇద్దరు ఇప్పుడు పరీక్షిస్తున్నారు.

ఇళ్ళకూ అంతే. వంటింటి పై కప్పు మీద దక్షిణం వైపు నల్లటి రేకు గొట్టం ఒకటి పెడితే, మధ్యాహ్నం పూట ఫ్యాను లేకుండానే పొయ్యి వేడి బయటికి పోతుంది. అది పాత ఇళ్ళ గవాక్షానికి కొత్త రూపం, అంతకన్నా ఎక్కువేమీ కాదు.

ప్రశ్నలు అడగండి. ఆ, వెనక ఎర్ర చొక్కా బాబు. "మూతపడ్డ థర్మల్ కేంద్రాల గొట్టాలకు కింద గాజు పందిరి వేస్తే కట్టే ఖర్చు మిగులుతుంది కదా?" మంచి ప్రశ్న. రామగుండంలో 1971 నాటి 62.5 మెగావాట్ల పాత కేంద్రాన్ని 2024లో మూసినప్పుడు నేనూ ఇదే అనుకుని ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. పెద్ద కేంద్రాల గొట్టమే తీసుకుందాం. ఎత్తు 275 మీటర్లు, స్పెయిన్ దానికన్నా మెరుగే. కానీ లోపలి పొగదారి వెడల్పు సాధారణంగా ఏ ఏడెనిమిది మీటర్లో. స్పెయిన్‌ది పది. ఎత్తులో గెలిచింది వెడల్పులో పోతుంది. చుట్టూ నువ్వు వంద ఎకరాల పందిరి వేసినా ఆ సన్నటి గొంతులోంచి పోయే గాలి అంతే. కాబట్టి మళ్ళీ ఆ 50 కిలోవాట్లకు అటూ ఇటూ. అదే వంద ఎకరాల్లో పలకలు పెడితే 20 మెగావాట్లు. ఆ కేంద్రంలో నిజంగా విలువైనది గొట్టం కాదు బాబూ, దాని పక్కనున్న స్విచ్‌యార్డు, అక్కడి నుంచి బయలుదేరే హైటెన్షన్ తీగలు. సోలార్ కరెంటుకు అవి సిద్ధంగా ఉన్న దారి.

అమ్మా, మీరు అడగండి. "పెట్టెకు ఖర్చు ఎంత?" చెక్క మా బావ ఇంట్లోదే, రేకు గొట్టం, పాలిథిన్, జాలీ, కూలీ కలిపి మాకు పద్నాలుగు వేలు పడింది. ఇప్పుడు రేకు ధర పెరిగింది, అది కూడా కలుపుకోండి. గొట్టం ఎత్తులో మాత్రం పొదుపు చేయకండి, నేను ఒకసారి చేసి చూశాను.

ఆ పెట్టెను ఈరోజు ట్రాలీలో తెప్పించి వెనక ఆవరణలో, వేపచెట్టు నీడ పడని చోట పెట్టించాం. తట్టల్లో నిన్న సాయంత్రం పోసిన కాయ ఉంది. ఇంకా గంటన్నర ఎండ ఉంటుంది. అగరుబత్తుల కట్ట ఇదిగో, నిచ్చెన కూడా ఉంది. పిల్లలు ముందు పదండి, ఒకరు పైకి ఎక్కి ఊదు వాసన ఎన్ని సెకన్లకు వచ్చిందో లెక్కపెట్టాలి.